పని పోయినవారికి వకీలు



అన్యాయంగా పనినుండి తొలగించబడినవారిలో పలువురు వకీలు ఫీజుకు వెరచి మౌనం వహిస్తున్నారు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ మహిళలకూ, పారిశ్రామిక కార్మికులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హత కల్పించింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయండి. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

సొంతంగా వకీలును నియమించుకునేవారు లేబర్ కోర్టు వ్యాజ్యాలలో ఆయనకున్న అనుభవాన్ని, మొత్తం ఫీజును ముందే తెలుసుకోండి. గెలిచిన సొమ్ములో వాటా కోరడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. నియామక పత్రం, జీతం రసీదులు, తొలగింపు ఉత్తర్వు భద్రపరచండి. ఖాళీ కాగితంపై సంతకం చేయకండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, జాప్యం వద్దు.

ఉచిత సహాయాన్ని సదఖాగా తలచి సంకోచించేవారికి ఒక్క మాట: అది చట్టం మీకిచ్చిన హక్కు.