బొగ్గుపోగుల పెంపకము

సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో 17వ శతాబ్దపు మెట్లబావి యొకటి కలదు. దశాబ్దముల తరబడి చెత్త పడగా, అచట బావి యున్న జాడయే కనుమరుగయ్యెను. చెత్త యంతయు తీసివేసిన పిమ్మట ఊట మరల నీరు చిమ్మెను. 2022 డిసెంబరు 5వ తేదీన ఆ బావి తిరిగి ప్రజల కందెను. ఊట ఎండలేదు, దానిపై మూత పడినది, అంతే. మేము నేడు చెప్పబోవు రసాయన విషయమునందును ఇట్టి మూతయే చిక్కు.

దీపముపై పళ్లెము బోర్లించిన మసి పట్టును. చమురులోని కర్బనము పూర్తిగా మండకపోవుటయే దీనికి కారణము. ఆ మసికి రూపము లేదు. కాని మీథేన్, ఎసిటిలీన్ వంటి వాయువులను, గాలి సోకనీయక, కాగిన ఇనుము, కోబాల్టు, నికెలు రేణువులపై పంపినచో కర్బనము పోగులుగా పెరుగును. 1889లోనే హ్యూస్, చేంబర్స్ అనువారు ఇట్టి పోగుల తయారీకి అమెరికాలో పేటెంటు పొందిరి. అయినను చిరకాలము కర్మాగారములవారికి ఇది పీడగానే యుండెను. ఈ పోగులు గొట్టములను పూడ్చెడివి, ఉత్ప్రేరకపు బిళ్లలను పగులగొట్టెడివి.

ఈ పోగు ఎట్లు పెరుగును? 1972లో బేకర్, ఆయన సహచరులు నికెలుపై ఎసిటిలీన్ విడిపోవుటను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూచి వివరించిరి. నికెలు రేణువు ఒక ముఖమున వాయువు విడిపోవును. ఉదజని ఎగిరిపోవును. కర్బనము రేణువు గుండా సాగి రెండవ ముఖమున పొరలు పొరలుగా వెలువడును. అట్లు వెలువడుచు తనను కన్న రేణువునే తలపై మోసికొని పైకి లేచును. రేణువు ఎంత లావో పోగు ఇంచుమించు అంత లావు. తల వెంట్రుక సుమారు 80,000 నానోమీటర్లుండగా, ఈ పోగులు పదులు మొదలు నూరు, నూటయేబది నానోమీటర్ల వరకు ఉండును.

ఇందు మనకేమి లాభము? నేడు ఉదజనిని ఎక్కువగా సహజవాయువునుండి నీటియావిరి సాయమున తీయుచున్నారు. ఆ పద్ధతిలో కిలో ఉదజనికి కనీసము 5.5 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మీథేన్‌ను నికెలుపై విడగొట్టినచో కిలో ఉదజనితో 3 కిలోల కర్బనము ఘనరూపమున చేతికి వచ్చును. అది ఆకాశమున కలియదు. బన్సీలాల్‌పేటకు కొద్ది మైళ్ల దూరమున, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు నికెలును సిలికా, జియోలైటు వంటి ఆధారములపై పరచి మీథేన్‌ను విడగొట్టిన తమ పరిశోధనలను 2007లో ప్రకటించిరి.

అయితే మూత మాట మరువరాదు. వాయువు తగులు ముఖమును కూడ కర్బనము క్రమముగా కప్పివేయును. అంతటితో రేణువు పని ముగియును. మసిని కాల్చి నికెలును శుభ్రపరుపవచ్చును. కాని కాల్చిన కర్బనము తిరిగి బొగ్గుపులుసు వాయువే యగును, పోగును పోవును. ఆమ్లముతో నికెలును కరగించి పోగును దక్కించుకొనవచ్చును. అప్పుడు ఉత్ప్రేరకము ఖర్చగును. ఒకటి కావలెనన్న ఒకటి వదలుకొనవలెను. కనుక నికెలు ఎక్కువకాలము కప్పుబడక నిలుచునట్లు చేయుట పరిశోధకుల మొదటి పని. ఇందుకు రాగిని కొంత కలిపి చూచినవారును కలరు.

రెండవ పని అంగడిలోనిది. కిలో ఉదజనికి మూడు కిలోల పోగు కుప్పపడినప్పుడు దానిని వాడువారు కావలెను. రబ్బరు, ప్లాస్టిక్కు, బ్యాటరీ, సిమెంటు – ఇవి దాని చోట్లు. ఊపిరితో లోనికి పోగల సన్నని పోగు గనుక పనివారి రక్షణయు ముందే చూచుకొనవలెను. ఈ ఏర్పాట్లు లేనిచో, ఆకాశమును కాపాడబోయి నేలపై మరియొక చెత్తకుప్పను పేర్చినవారమగుదుము. అట్టి కుప్పక్రింద ఏమి పూడిపోవునో బన్సీలాల్‌పేటవారికి ఎరుకయే.