చైనీస్‌లో "చూద్దాంలే" అంటే ఏంటో తెలుసా?

ఎదుటివాళ్ళు నొచ్చుకోకుండా దాటేసే మాటలు చైనీస్‌లో చాలా ఉన్నాయి. అవి తెలియక నేను బాగా దెబ్బతిన్నాను.

చైనాలో చదువుకునేటప్పుడు, సెలవుల్లో కూడా రూమ్‌లో ఉండొచ్చా అని ఓనర్ ఆంటీని అడిగాను. ఆవిడ నవ్వుతూ "త్సాయ్ ష్వో బ" అంది. అంటే "తర్వాత మాట్లాడుకుందాం" అని. నవ్విందిగా, ఒప్పుకున్నట్టేలే అనుకున్నా. చివరి రోజు కొత్తవాళ్ళు సామానుతో దిగారు. నేను సూట్‌కేస్‌తో రోడ్డు మీద!

ఆవిడ మోసం చెయ్యలేదండీ. మన ఇళ్ళల్లో "చూద్దాంలే" అంటే ఏంటో మనకి తెలీదా? ఇదీ అంతే. చివరి "బ" మాటని మెత్తబరుస్తుంది.

ఇంకో రెండు వినండి. "ఖాన్ ఛింగ్‌ఖ్వాంగ్" అంటే పరిస్థితిని బట్టి చూద్దాం. "గాయ్ థియెన్ బ" అంటే ఇంకో రోజు. ఏ రోజో మాత్రం చెప్పరు! అదే గుర్తు. నిజంగా కలవాలనుకుంటే రోజు, టైమ్ అడుగుతారు.

అలా విన్నప్పుడు పదే పదే అడగకండి. "మేయ్ షి", అంటే పర్లేదు అనేసి, వేరే దారి చూసుకోండి. మీరే కాదనాల్సి వస్తే "బు థాయ్ ఫాంగ్‌బియెన్" అనండి. "అంత వీలుపడదు" అని అర్థం. మామూలుగా కారణం అడగరు.

మీ ఇంట్లో "చూద్దాంలే" ఎవరు ఎక్కువ అంటారు? కామెంట్ చెయ్యండి. త్సాయ్‌జ్యెన్!