ఇంజనీరింగు విద్య – బోధకుల శిక్షణము

(సత్తుపల్లి వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాస పాఠము)



ఇంజనీరింగు విద్యను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు కొంత సంశయించితిమి. ఏలయన, ఈ వేదికపై ఏటేట విద్యాప్రసంగములు జరుగుచునే యున్నవి. బాలురను చదివింపుడు, బాలికలను చదివింపుడు అని వక్తలు చెప్పుట, సభ్యులు కరతాళధ్వనులు సేయుట, పిమ్మట అందఱును భోజనములకు లేచుట మనకు పరిపాటి. నేడు మేము చెప్పబోవునది చదువుకొనువారిని గూర్చి కాదు, చదువు చెప్పువారిని గూర్చి. మన యువకులు పలువురు ఎం.టెక్. పూర్తిచేసి కళాశాలలయందు బోధకులుగా చేరుచున్నారు. వారిలో మా యెఱిగినవారే కొందఱు మూడేండ్లు నిండకమునుపే ఆ పని విడిచి పోయిరి. ఉద్యోగము దొరికినవారి పేర్లు మన సంచికలో అచ్చువేయుచున్నాము. విడిచినవారి పేర్లు ఎచ్చటను కానరావు.

మా పితామహులు ఈ ప్రాంతపు పల్లెలోనే కొలిమి నడిపిన కమ్మరులు. నాగటి కఱ్ఱులు, కొడవళ్లు, అడవిపనులకు గొడ్డళ్లు వారి చేతిమీదుగా పోయెడివి. వారియొద్ద పని నేర్వవచ్చిన బాలునకు మొదటి యేడు తిత్తి యూదుట తప్ప వేఱుపని లేదు. చూచువారికి అది వెట్టిచాకిరివలె కన్పట్టును. కాని తిత్తియొద్ద కూర్చున్న బాలుడు పగలెల్ల నిప్పు రంగును, ఇనుము రంగును, గురువు చేతిని చూచుచునే యుండును. రెండవయేట సమ్మెట చేతికి వచ్చును. గురువు చిన్న సుత్తితో ఎచ్చట తాకించునో అచ్చటనే శిష్యుడు సమ్మెట వేయవలెను. నడుమ మాట యుండదు. కడపట వచ్చునది పదును పెట్టుట.

ఉలిని ఎఱ్ఱగా కాల్చి మొన మాత్రము నీటిలో ముంచి పైకితీసి, రాతిమీద రుద్ది మెఱుగు పెట్టుదురు. వెనుకభాగమున మిగిలియున్న వేడి మెల్లగా మొనవైపునకు ప్రాకును. అప్పుడు మెఱుగుపై రంగులు నడచును: మొదట గడ్డిరంగు, పిమ్మట గోధుమవన్నె, ఆపైన ఊదా, తుదకు నీలము. గడ్డిరంగునకు వేడి సుమారు 230 డిగ్రీలు. నీలమునకు సుమారు 300. వడ్రంగి ఉలికి గడ్డిరంగు మొనకు చేరగనే మరల నీటిలో ముంచవలెను. జాగుచేసిన ఉలి మెత్తబడును. తొందరపడిన మొన విఱుగును. ఆ రెప్పపాటు కాలమును మా పితామహులు మాటలతో చెప్పలేదు. శిష్యుని మెడపై చేయి వేసి నిలిచి, వేళకు ఒక్కమాఱు అదిమెడివారట.

నేడు కళాశాలలో ఈ విషయమునే లోహశాస్త్రమను పేర చెప్పుదురు. మార్టెన్సైటు, టెంపరింగు అను మాటలును, ఇనుము–కర్బనముల పటమును విద్యార్థి కంఠస్థము చేయును. అది హీనమని మేమనము. రంగు మాఱుట ఎందులకో మా పితామహులకు తెలియదు. ఆ శాస్త్రమునకు తెలియును. కాని ఆ పటమును బల్లపై వ్రాయు బోధకులలో ఎందఱు ఉక్కు రంగు మాఱుట కన్నులార చూచిరి? చూడనిది వారి తప్పు కాదు. వారికి చూపినవారు లేరు.

పూర్వపద్ధతి నిర్దోషమని మీరు తలపవలదు. దెబ్బలుండెడివి. కొడుకునకు చెప్పినది అల్లునకు చెప్పకుండుట, ఆడుబిడ్డకు అసలే చెప్పకుండుట యుండెడిది. రహస్యముగ దాచిన విద్యకు గతి యేమో మన తెలంగాణముననే చూడవచ్చును. నిజామాబాదు మండలమందలి కోనసముద్రమున మూసలలో వండిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. ఆ పనిని కన్నులార చూచి వాయిసీ యను వైద్యుడు వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చుపడెను. పిమ్మట విదేశపు చౌక యుక్కు వచ్చెను, గిరాకి పడిపోయెను, గిరాకి లేనిచోట నేర్వవచ్చువారు లేకపోయిరి, నేర్చినవారు ఒక్కొక్కరే గతించిరి. నేడు పండితులు చిట్టెపుముక్కలను ఏఱుకొని ఆ విద్యను ఊహింపవలసి వచ్చుచున్నది.

అదే యుక్కును 1819లో లండనునందు పరిశోధించినవాడు మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కుమారుడని మీలో ఎందఱెఱుగుదురో! పుస్తకములు కుట్టు దుకాణమున పనివాడుగ నుండి, హంఫ్రీ డేవీ యుపన్యాసములు విని, 1813లో ఆయనకు సహాయకుడుగ చేరెను. డేవీ చేయిపట్టి లోనికి తీయకున్న విద్యుచ్ఛాస్త్రమున ఫారడే పేరు మనమెఱుగము. ఆ డేవీయే 1824లో శిష్యుడు రాయల్ సొసైటీ సభ్యుడగుటకు అడ్డుపడెను. శిష్యుని మించనీయని గురువులు మన కొలుములయందే కాక అచ్చటను గలరన్నమాట.

ఇక మన దేశపు ఇంజనీరింగు విద్య యెట్లు పెరిగెనో క్లుప్తముగ మనవి చేసెదము. 1794లో చెన్నపట్టణమున మైకేల్ టాపింగు పెట్టిన సర్వే పాఠశాలయే కాలక్రమమున గిండీ కళాశాల యయ్యెను. ఆ టాపింగు 1796లో మన మచిలీపట్టణముననే మరణించెను. అప్పటి బాలురు సర్వే చేయువారి వెంట తిరిగి పని నేర్చిరి. గోదావరి ఆనకట్ట 1847 మొదలు 1852 వఱకు కట్టబడినపుడు వీణం వీరన్నగారు కాటనుదొరవద్ద పనిచేసి పేరొందిరి. వారికి ఆ గట్టే కళాశాల. నిజాము రాజ్యమున 1929లో ఉస్మానియాయందు ఇంజనీరింగు కళాశాల తెఱువబడినను, బోధన ఉర్దూలో నగుటచే మన పల్లెల బాలునకు ఆ ద్వారము దూరమే. 1946లో కాకినాడ, అనంతపురము కళాశాలలును, 1959లో వరంగల్లు రీజినల్ కళాశాలయు, 1972లో జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. 2008 ప్రాంతమున బోధనారుసుములను ప్రభుత్వము చెల్లించుట విస్తరించిన పిమ్మట ఉమ్మడి రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలు 700 దాటెను. పేదబిడ్డలు చదువుకొనిరి, అది గొప్ప మేలు, దానిని కాదనువాడు కృతఘ్నుడు. కాని కట్టడము ఒక యేట లేచును. బోధకుడు ఒక యేట తయారు కాడు. నిన్న పట్టము పుచ్చుకొన్నవాడు నేడు సుద్దముక్క పుచ్చుకొని నిలుచుట అప్పటినుండి సామాన్యమైనది.

మా సంగతియే చెప్పెదము. మేము బోధకులమై చేరిననాడు మా చేతికి పాఠ్యప్రణాళికయు, హాజరుపట్టికయు నిచ్చి గది చూపిరి. అంతియే మాకు లభించిన శిక్షణము. పదార్థముల బలమును గూర్చిన పాఠము మాది. వెనుకబల్లపై అడవివైపు పల్లెనుండి వచ్చిన యొక బాలుడు కూర్చుండెడివాడు; పదవతరగతి వఱకు తెలుగున చదివినవాడు. మేము మూడుమాసములు బల్లపై వ్రాసిన దంతయు అతడు బొమ్మలవలె నోటుపుస్తకములోనికి దించుకొనెను. మేము ఆంగ్లమున ధారాళముగ మాటాడుచుంటిమని లోలోన మురిసితిమి. పరీక్షలకు మునుపే అతడు మానివేసెను. ఏలయని మేమును అడుగలేదు, మఱెవ్వరును అడుగలేదు. కొన్నియేండ్లకు ఒక వెల్డింగు దుకాణమున అతడు మమ్ము గుర్తించి లేచి నమస్కరించెను. అతుకు పెట్టినపుడు ఇనుపకమ్మి ఎటు వంగునో ముందే యెఱిగి దానిని అందుకు ఎదురుగ వంచి బిగించుచున్నాడు. మేము మూడుమాసములు చెప్పలేకపోయినది ఆతని చేతికి తెలిసియున్నది. "సారూ, మీరు మంచిగనే చెప్పేవారు. నాకు తెలియలేదని చెప్పడానికే నాకు మాట రాలేదు" అనెను. ఆ మాట నేటికిని మమ్ము విడువలేదు.

మఱుసటియేట మాకు ఒక వృద్ధాచార్యుల సాయము దొరకెను. మా ప్రార్థనపై వారు వచ్చి వెనుకబల్లపై కూర్చుండిరి. నలుగురిలో నేమియు ననలేదు. సాయంకాలము మాత్రము, "నీవు బల్లతో మాటాడుచున్నావు. ప్రశ్నవేసి నీవే జవాబు చెప్పుచున్నావు. ప్రశ్నవేసిన పిదప పది లెక్కించువఱకు నోరు మూసికొనుము" అనిరి. మఱునాడు వర్కుషాపునుండి పొడవాటి చెక్కబద్ద తెప్పించి, రెండు స్టూళ్లపై అడ్డముగ నుంచి, నడుమ ఒక విద్యార్థిని నిలువబెట్టిరి. బద్ద విల్లువలె వంగెను. దానినే అంచుపై నిలిపి, ఇరువురు పట్టుకొనగా మరల నిలువుమనిరి. వంగినట్లే తోచలేదు. "ఇంటి దూలమును వడ్రంగి ఎట్లు వేయును?" అని యడిగిరి. వెనుకబల్లనుండి మూడు గొంతులు జవాబు చెప్పినవి. దూలపు లోతు రెట్టింపయినచో వంగుటకు ఎదుర్చు శక్తి ఎనిమిది రెట్లగునని అప్పుడు సూత్రము వ్రాసిరి. ఆ గంటలో మేము నేర్చినది అంతకుముందు రెండేండ్ల ఎం.టెక్. చదువున నేర్వలేదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. బోధకులు పైచదువులు చదువుకొనుటకు 1970లో క్వాలిటీ ఇంప్రూవుమెంటు ప్రోగ్రాము ఆరంభమయ్యెను. అంతకుమునుపే మద్రాసు, కలకత్తా, భోపాలు, చండీగఢు నగరములలో సాంకేతిక బోధకుల శిక్షణాలయములు ఏర్పడినవి. 2003లో ఆరంభమైన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఉచితముగ ఇంటికే వచ్చుచున్నవి. క్రొత్తగ చేరిన బోధకుల కొఱకు సాంకేతిక విద్యామండలి ఎనిమిది పాఠభాగముల శిక్షణము నేర్పఱచి, వెంట అనుభవజ్ఞుడగు మార్గదర్శకుని యొద్ద అభ్యాసమును, పరిశ్రమలో కొంతకాలపు పనియు చేర్చెను. కాగితముపై ఇంతకంటె చక్కని యేర్పాటు మేము కోరలేము. కాని ఎఫ్.డి.పి. యని పిలువబడు వారము దినముల తరగతులు పలుచోట్ల ధ్రువపత్రముల సంతగా మాఱినవి. పదోన్నతికి పత్రము కావలయును. కావున పేరు చేర్తురు, తెర తెఱచి పెట్టుదురు, వేఱుపని చూచుకొందురు. మేమును అట్లు రెండుమాఱులు చేసితిమి. దాచనేల?

మార్గదర్శకత్వపు పుస్తకముల సంగతి మఱియు విచిత్రము. ఒక్కొక్క అధ్యాపకునకు సుమారు 20మంది విద్యార్థులను అప్పగించి, వారి కష్టసుఖములు విచారించి పుస్తకమున వ్రాయుమందురు. ఏర్పాటు మంచిది. ఒకానొక కళాశాలలో తనిఖీకి ముందురాత్రి నలుగురు బోధకులు కూర్చుండి, ఏడాది పొడవునను జరుగని సంభాషణలను వేర్వేఱు సిరాలతో వ్రాయుట మేము చూచితిమి. వారిలో ఇద్దఱికి మూడు మాసముల జీతము రాలేదు. అట్టివారిని నిందింప మాకు నోరు రాలేదు. విద్యార్థులకును బోధకులకును గల నిష్పత్తి 2018 వఱకు 15కు ఒకరు. పిమ్మట 20కి ఒకరు. బరువు పెరిగెను, ఎత్తుకొనువాని భుజమును ఎవరును చూడలేదు.

ఇపుడు మన సత్తుపల్లి మాట. ఈ చుట్టుపట్ల సింగరేణివారి ఉపరితలపు బొగ్గుగనులున్నవి. బొగ్గు మోయుటకు భద్రాచలం రోడ్డునుండి రైలుమార్గము మన ఊరికి వచ్చెను. కొత్తగూడెమునందు గనుల విద్యకు కళాశాల వెలసి దశాబ్దములైనది. గనులయందు ఫిట్టర్లుగ, వెల్డర్లుగ, యంత్రశాలలయందు పనివారుగ మన కులస్థులు పెక్కుమంది యున్నారు. దమ్మపేట, అశ్వారావుపేట వైపునుండి వచ్చు బిడ్డలలో కోయబాలురు, రైతుబాలురు, మనవారును గలరు. బేతుపల్లి చెఱువు తూమును చూచి పెరిగిన బాలునకు నీటి యొత్తిడిని గూర్చి చెప్పుటకు పరదేశపు బొమ్మ యేల? గనిలో ముప్పదియేండ్లు పంపులు బాగుచేసిన మన పెద్దను ఒకపూట తరగతికి పిలిచిన తప్పేమి? ఆయనకు పట్టము లేదందురు. పట్టము గల యువకుడు ప్రక్కనే యుండునుగదా. ఒకడు ఎందులకో చెప్పును, ఇంకొకరు ఎట్లో చూపుదురు. ఇరువురును ఒకరియొద్ద నొకరు నేర్తురు.

కావున మా ప్రార్థన యిది. ఇది కొందఱు పోషకులకు రుచింపదని యెఱిగియే చెప్పుచున్నాము. మన సంఘమునకు చేరిన ధనముతో కల్యాణమండపము కట్టవలెనని ఒక యాలోచన గలదు. మండపము అక్కఱలేదని మేమనము; మా యింటను పెండ్లి కావలసిన పిల్లలున్నారు. అయితే ఆ ధనమున కొంతభాగము వేఱుపఱచి, బోధకవృత్తిలో క్రొత్తగా చేరిన యువతీయువకులలో ఏటికి ఆఱుగురికి మొదటి రెండేండ్లు నెలకింత సాయము చేయుదము. వారు కులమేదియని చూడక తమ తరగతిలో వెనుకబల్లపై నున్న నలుగురు బిడ్డలను చేపట్టవలెను. ఒక్కొక్కరికి ఒక విశ్రాంత అధ్యాపకుడో, ఇంజనీరో, పనివాడో తోడుగ నుండి మాసమునకొకమాఱు వారి తరగతిలో వెనుక కూర్చుండవలెను. ధ్రువపత్రములు వద్దు. ఫొటోలు వద్దు. ఆ నలుగురు బిడ్డలు చదువు మానకుండిరా లేదా యన్నది మాత్రము వచ్చు మహాసభలో చెప్పవలెను. మానినచో ఏల మానిరో అదియు చెప్పవలెను.

ఆడుబిడ్డలకు ఈ యాఱింట మూడు స్థానము లుంచవలెనని మేము చేర్చుచున్నాము. కొలిమిలో వారికి చోటీయలేదు, ఇచటనైన నిత్తము.

తీర్మానము మధ్యాహ్నపు సభలో అధ్యక్షులవారి యెదుటికి వచ్చును. తోడుగ నుండుటకు ఒప్పుకొనువారు పేరు, ఊరు, చేసిన పని వ్రాయుటకై పందిరి ద్వారముచెంత ఒక పుస్తక ముంచబడినది. మా పేరు ప్రొద్దుననే వ్రాసితిమి. దాని క్రింద ఒక కంచరివారు, ఇద్దఱు గనిపనివారు వ్రాసియున్నారు. మిగిలిన పుట ఖాళీగ నున్నది.