రాముణ్ణి లెక్క అడిగిన పాట



కష్టం వచ్చినప్పుడు మన ఇళ్లలో పెద్దలు ఒక మాట అంటారు: "దేవుడి మీద భారం వేసి ఊరుకో" అని. భారం వేయడం సరే, ఊరుకోవడం ఎవరి తరం? భద్రాచల రామదాసుగా మనకు తెలిసిన కంచెర్ల గోపన్న భారం వేశాడు గానీ ఊరుకోలేదు. బతిమాలాడు, అలిగాడు, ఎత్తిపొడిచాడు, నగల ఖరీదులు ఏకరువు పెట్టాడు. అదంతా పాటగా పాడాడు. భద్రాచల రామదాసు కీర్తనలు మనకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినవే. అందుకే వాటిని పెద్దగా పట్టించుకోకుండా వింటుంటాం. మనసు పెట్టి వింటే అందులో ఏం దొరుకుతుందో ఇవాళ చెప్పుకుందాం.

ముందు మనిషి సంగతి. కాలం 17వ శతాబ్దం. ఊరు నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని చెబుతారు. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు వసూలు చేసి ఖజానాకు కట్టడం ఆయన ఉద్యోగం. ఆ సొమ్ముతోనే భద్రాచలంలో గుడి కట్టించి, దేవుడికి నగలు చేయించాడు. ఫలితం గోల్కొండ కోటలో ఖైదు. పన్నెండేళ్లని పరంపరగా వస్తున్న మాట. మేనమామలు మంత్రులై ఉండి కూడా ఆ తలుపు తెరుచుకోలేదు. ఇవాళ కోటకు వెళ్లినవారికి ఆ బందీఖానా చూపిస్తారు. అందులో రాతిగోడ మీద ఉన్న దేవతల బొమ్మలు రామదాసే చెక్కుకున్నాడని చెబుతారు.

కథ ముగింపు మనందరికీ తెలుసు. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి తానీషాకు బాకీ చెల్లించారని హరికథల్లో విన్నాం, సినిమాల్లో చూశాం. కీర్తన వినేటప్పుడు మొదట చేయాల్సిన పని ఆ ముగింపును పక్కన పెట్టడం. చెరలో పాడుతున్న మనిషికి అది తెలియదు కదా! రేపు విడుదలో, ఇంకా దెబ్బలో తెలియకుండా పాడుతున్నాడు. మనం జరగబోయేది తెలిసి వింటున్నాం కనుక ఆ గొంతులోని గుబులు మనకు అందదు.

ఇప్పుడు 'ఇక్ష్వాకు కులతిలక' తీసుకోండి. చరణాలు వరుసగా వింటే తహసీల్దారు గారి లెక్కల పుస్తకం తెరిచినట్టే ఉంటుంది. ప్రాకారం కట్టించాను, ఇంతైంది. భరతుడికి పచ్చల పతకం, ఇంతైంది. శత్రుఘ్నుడికి మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం, వాటికీ ఇంతింతైంది. పాఠాంతరాలు ఉన్నా, పదివేలు అన్న అంకె మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది. అక్కడితో ఆగడు. ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మీ మామగారు పంపాడా అని రాముణ్ణే నిలదీస్తాడు. శిస్తు లెక్కలతో బతికిన మనిషికి కోపం వస్తే అది లెక్కల రూపంలోనే వచ్చింది. కవిత్వం కోసం తెచ్చిపెట్టుకున్న భాష ఒక్కటీ లేదు.

అయితే ఆ కీర్తనను చివరిదాకా వినాలి. దెబ్బలకు తాళలేక తిట్టాను గానీ బాధపడకయ్యా అని ఆఖర్న సర్దుకుంటాడు. చాలా కచేరీల్లో చరణాలన్నీ పాడరు. ఆ చరణం వినకపోతే ఈ పాట వట్టి నిందగా మిగులుతుంది. విన్నారంటే, ఇంత చనువుగా తిట్టగలగడమే ఆయన నమ్మకమని తెలుస్తుంది. లేడనుకున్నవాణ్ణి ఎవరూ లెక్క అడగరు.

రెండోది, ఎవరితో మాట్లాడుతున్నాడో గమనించండి. 'నను బ్రోవమని చెప్పవే' రాముడితో కాదు, సీతమ్మతో. నాన్న మాట వినడం లేదని పిల్లలు అమ్మ దగ్గరకు వెళ్లినట్టు, ఏకాంతంలో మంచి సమయం చూసి నా మాట చెప్పమ్మా అంటాడు. అర్జీ ఎప్పుడు పెట్టాలో, ఎవరి చేత చెప్పించాలో ఉద్యోగం చేసినవాడికి తెలియదా! కల్యాణి రాగంలో ఈ పాట విన్నప్పుడు సీతమ్మను పిలిచే చోట గాయకులు ఎలా నిలుస్తారో చూడండి. అక్కడ గొంతు తగ్గించి పాడేవారికి పాట అర్థమైనట్టే.

మూడోది 'పలుకే బంగారమాయెనా'. ఆనందభైరవి రాగం. ఇక్కడ లెక్కలు లేవు, రాయబారం లేదు. ఎంత పిలిచినా దేవుడు పలకడం లేదు, అంతే. నీతో పంతం పట్టడానికి నేనెంతవాణ్ణి అన్నదాకా వస్తాడు. ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు అది ప్రశ్న. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించాడని, రాయిని ఆడదాన్ని చేశాడని గుర్తుచేశాక వచ్చినప్పుడు అదే పల్లవి వాదన. చివర్న వచ్చేసరికి శరణాగతి. మాటలు మారలేదు, అర్థం మారింది. కీర్తన అనే ప్రక్రియ చేసే పని ఇదే. పల్లవి ఎత్తుకున్న ప్రతిసారీ ఏం మారిందో వినడమే కీర్తన వినడం.

ఈ వరుసలు చాలావరకు భజన సంప్రదాయం కాపాడి అందించినవి. తాళం తేలిక, పల్లవి చిన్నది, పదిమంది కలిసి అందుకోవచ్చు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు వాటిని కచేరీ వేదిక మీదికీ, రికార్డుల్లోకీ తెచ్చారు. ఆకాశవాణి భక్తిరంజని వాటిని ఇంటింటికీ చేర్చింది. అంతకు చాలా ముందే, 1767లో పుట్టిన త్యాగయ్య 'క్షీరసాగర శయన' కీర్తనలో రామదాసు చెర విడిపించిన సంగతి తలచుకుని, నన్నూ కరుణించమని వేడుకున్నాడు. ఒకరి కష్టంలో పుట్టిన పాట ఇంకొకరి కష్టానికి ఆధారమైంది.

ఖైదు ఎందుకు వేయించాడో రాముడు ఏ కీర్తనలోనూ చెప్పలేదు. మన కష్టాలకూ కారణం చెప్పేవారు ఉండరు. దేవుడి సంకల్పం మీద నమ్మకమంటే కారణం తెలియడం కాదని, తెలియకపోయినా ఆయనతో మాట మానకపోవడమని ఈ పాటలు చెబుతాయి. వీలు చూసుకుని ఈ మూడింటినీ ఇదే వరుసలో, చరణాలేవీ వదలకుండా పాడిన రికార్డులు వెతికి వినండి. వినడంతో ఆపకుండా, గొంతు ఎలా ఉన్నా పల్లవి కలపండి. అవి పదిమంది కలిసి పాడుకోవడానికి ఉన్న పాటలు.