"పెద్దాయనకు చెప్పకండి, డాక్టరుగారూ!"
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి అని చెప్పడానికి నేను డాక్టర్ని కాను. అందుకని వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. చెప్పడానికి కష్టమైన మాటను రోగికి ఎలా చెప్పాలో ఇప్పుడు వైద్య విద్యార్థులకు పాఠంగా నేర్పుతున్నారు. దానితో మనకేం పని అంటారా? ఆ మాట వినవలసిన వయసు మనదే కదా!

మన ఇళ్ళలో జరిగేది అందరికీ తెలిసిందే. రిపోర్టు వస్తుంది. పెద్దాయన బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు. కొడుకో అల్లుడో లోపలికి వెళ్ళి, "పెద్దాయనకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అంటాడు. ప్రేమతోనే అంటాడు. డాక్టరుకూ బరువు దిగినట్టుంటుంది. ఫైలు మీద పేరు పెద్దాయనది, అందులో ఏముందో తెలియనిది ఆయనొక్కరికే.

ఇది మనవాళ్ళ అలవాటు మాత్రమే అనుకోకండి. 1961లో అమెరికాలో కొందరు వైద్యులను అడిగితే, క్యాన్సర్ అని రోగికి చెప్పకపోవడమే మంచిదని నూటికి 90 మంది అన్నారు. 1979లో మరోచోట అడిగితే 97 మంది చెబుతామన్నారు. ఇంచుమించు ఇరవై ఏళ్ళలో గాలి తిరిగింది.

అయితే చెప్పాలనుకోవడం వేరు, చెప్పడం చేతనవడం వేరు. 1963లో హోవర్డ్ బారోస్ అనే అమెరికన్ వైద్యుడు మామూలు మనిషికి తర్ఫీదిచ్చి, రోగిలా నటింపజేసి, విద్యార్థులను పరీక్షించాడు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. 2000లో వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ మొదలైన వైద్యులు చేదు వార్త చెప్పడానికి ఆరు మెట్లు ఏర్పరిచారు. మొదటిది, నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, కూర్చుని మాట్లాడడం. రెండోది, "ఇంతవరకు మీకు ఏమని చెప్పారండీ?" అని అడగడం. మూడోది, "వివరాలన్నీ మీకే చెప్పమంటారా, మీవాళ్ళకు చెప్పమంటారా?" అని అడగడం. నాలుగోది, ముందు కాస్త హెచ్చరించి, తేలిక మాటల్లో కొంచెం కొంచెంగా చెప్పడం. అయిదోది, ఎదుటివారికి ఏడుపొస్తే ఏడవనివ్వడం. ఆరోది, ఇక చేయవలసినదేమిటో కలిసి ఆలోచించడం.

మన దేశంలో కూడా అప్పటి భారత వైద్య మండలి 2018లో నడవడిక, నీతి, సంభాషణ కలిపి ఒక పాఠ్యక్రమం తయారుచేసింది. 2019లో ఎం.బి.బి.ఎస్.లో చేరినవారి నుంచి అది అమలైంది.

మిత్రులారా, ఆ మూడో మెట్టు దగ్గరే నా మనవి. డాక్టరు ఎంత బాగా నేర్చుకున్నా, మనవాళ్ళు ముందే తలుపు మూసేస్తే ఆ ప్రశ్న మనదాకా రాదు. "నాకొద్దు, మా అబ్బాయితో చెప్పండి" అన్నా అది తప్పు కాదు, అదీ ఒక జవాబే. కాని ఆ జవాబు మన నోటినుంచి రావాలి.

దాచితే దాగుతుందా? దూరాన ఉన్న కూతురు చెప్పాపెట్టకుండా దిగుతుంది, గదిలోకి వెళ్ళగానే మాటలు ఆగిపోతాయి. పెద్దాయనకు అర్థమవుతుంది. అర్థమైనట్టు కనపడకుండా ఆయనా నటిస్తాడు. అందరూ చుట్టూ ఉండగా ఒంటరివాడవుతాడు. ఇక పనుల సంగతి చూడండి. కుటుంబ పెన్షను కాగితాల్లో భార్య పేరో, పుట్టిన తేదీయో తప్పుంటే సరిచేయించవలసింది మనం ఉండగానే. పెద్ద ఆపరేషను చేయించుకోవాలా, ఇంటిపట్టున ఉండాలా అన్నది తేల్చుకోవలసిందీ మనమే. టైము ఎంతుందో తెలియనివాడు ఏ పని ముందు పెట్టుకుంటాడు?

కాబట్టి, ఒంట్లో బాగున్నప్పుడే పిల్లలను కూర్చోబెట్టుకుని, "నా సంగతి నాతో చెప్పండి" అనో, "నాకు చెప్పకండి, మీరే చూసుకోండి" అనో స్పష్టంగా చెప్పి ఉంచండి. మీ ఇంటావిడ కోరిక కూడా అడగండి, ఆమెదీ ఆమెదే. పిల్లలారా, మీరు కూడా డాక్టరు గదిలోకి వెళ్ళేముందు ఆ మాట గుర్తుంచుకోండి.

మరొక్క మాట. రేపు ఏ ఇరవై మూడేళ్ళ హౌస్ సర్జనో మన పక్కన కూర్చుని తడబడుతూ ఆ వార్త చెబితే కసురుకోకండి. మన మనవడి ఈడువాడు. ఆ పని అతనికీ కష్టమే.