పేరు తెలియని చేతుల పని
(ఆర్మూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పసుపును ఎట్లు పరీక్షింపవలెనో ఆర్మూరు ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. కొమ్మును విరిచి, లోపలి రంగు చూచి, అది మేలైనదో కాదో చెప్పగలడు. ఆ చూపునే మన ఊళ్ళలోని కొన్ని పాత వస్తువులపై కూడ నిలుపుడని కోరుటకు మేము నేడు మీ ముందుకు వచ్చితిమి.

కళ యనగానే మనకు పెద్ద దేవాలయములు జ్ఞప్తికి వచ్చును. డిచ్‌పల్లి రామాలయపు శిల్పములను చూడ జనులు దూరమునుండి వత్తురు. కాని చెరువుకట్ట మీదనో, పొలిమేరలోనో సగము భూమిలో దిగబడిన రాయిని చూచువారెవరు? చేత కత్తి పట్టిన వీరుడు, పై భాగమున సూర్యచంద్రులు కనబడినచో అది వీరగల్లు. ఊరి కొరకో, పశువుల మంద కొరకో పోరి మరణించినవానికి నాటివారు నిలిపిన స్మారకమది. పెక్కింటిపై వీరుని పేరే యుండదు. చెక్కినవాని పేరు అసలే యుండదు.

అట్టి రాయి ఒకచోట బట్టలుదుకు బండ యగును. మరియొకచోట భక్తితోనే దానికి ఎనామిలు రంగు పూయుదురు. పూత దళసరియైన కొలది ఉలి తీర్చిన సన్నని గీతలు మరుగుపడును. రోడ్డు పనిలో తొలగించిన రాయి మరల తన చోటికి వచ్చుట అరుదు. చోటు మారిన రాయి తన కథలో సగము పోగొట్టుకొనును.

అయితే, అన్ని కళలును రాతివలె నిలుచుటకు పుట్టినవి కావు. మన ఆడపడుచులు తంగేడు, గునుగు పూలను వరుసలుగా పేర్చి, పసుపుతో గౌరమ్మను చేసి, ఆడిపాడి, బతుకమ్మను చెరువులో విడుతురు. అందు నష్టము లేదు. ఏలయన ఆ పనితనము తల్లి చేతినుండి కూతురు చేతికి వచ్చుచున్నది.

చేతి పని ఆగినప్పుడేమగునో చేర్యాల పటములు చెప్పును. నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, తెల్లమట్టి పట్టించి, ఎఱ్ఱరంగు పూసి, దానిపై కుల పురాణములను బొమ్మలుగా వ్రాసెడివారు. కూనపులివారు పటమును విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పెడివారు. జీర్ణమైన పటమును నీటిలో విడిచి క్రొత్తది వ్రాయించుట ఆచారము. సినిమాలు వచ్చిన పిదప వ్రాయించువారు తగ్గిరి. అంతట విడిచిన పటమునకు బదులు రాలేదు. జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల వంటివారు పాత పటములను సేకరించిరి. 1976లో హైదరాబాదున వారి పేర నెలకొన్న మ్యూజియములో అట్టివి నేటికిని ఉన్నవి. నకాషీ కుటుంబములు కొన్ని నేటికిని ఆ విద్యను విడువలేదు.

కావున నిలువవలసినదానిని దాని చోటనే నిలుపవలెను. విడువవలసినదానిని విడిచినను, చేయు చేతిని నిలుపవలెను. ఇందుకు పంచాయతీ చేయదగిన పనులు కలవు.

మొదటిది, ఒక పుస్తకము తెరచి, వార్డువారీగా వీరగల్లులు, నాగశిలలు, పాత ఇండ్ల ద్వారబంధముల చెక్కడములు ఎక్కడ ఏ స్థితిలో నున్నవో వ్రాయించుడు; ఫోటో తీయించి, వృద్ధులు చెప్పిన మాటను చేర్చుడు. రెండవది, రోడ్డు పనికిగాని, గుడి మరమ్మతుకుగాని తీర్మానము చేయుటకు ముందు ఆ పుస్తకమును చూడుడు. మూడవది, త్రవ్వకములో పాత నిక్షేపము బయటపడినచో కలెక్టరుకు తెలుపుడు. 1878 నాటి చట్టము అట్లు విధించుచున్నది. నూరేండ్లు దాటిన శిల్పమును ప్రైవేటు వ్యక్తులు విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది. ధర చెప్పి రాయిని అడుగవచ్చినవానిని గూర్చి వెంటనే పోలీసులకు తెలుపుడు. నాలుగవది, బతుకమ్మ పేర్చుట, ముగ్గు వేయుట నేర్పుటకు ఊరి పెద్దమ్మలను బడికి పిలిపింపుడు.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. కాని ఆలస్యము తగదు. ఏ రాయి ఎవరిదో చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. చెక్కినవాని పేరు మనకు దొరకకపోవచ్చును. అతని పని మన ఊరిలో ఎక్కడ నున్నదో రాబోవు పంచాయతీకి తెలియునట్లు వ్రాసి యుంచుట మాత్రము మన చేతిలోని పని.