మొదటి నాలుగు వారములు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



జీవశాస్త్రమున పిండాభివృద్ధి పాఠము వచ్చినపుడు ఉపాధ్యాయులు గొంతు తగ్గించుటయు, బాలికలు తలలు వంచుకొనుటయు చూచుచున్నాము. ఈ పాఠము పిల్లలకేల అని కొందరు తల్లులు మమ్ము అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము ఈ సభలోనే చెప్పదలచితిమి.

పొదుగులో పెట్టిన కోడిగ్రుడ్డును నాలుగైదు దినముల పిమ్మట దీపమున కెదురుగా పట్టి చూచుట మన హోసూరు, కృష్ణగిరి పల్లెలలోని పెద్దమ్మలకు తెలిసిన విద్యయే. లోపల ఎఱ్ఱని రక్తనాళములు సాలెపురుగు కాళ్లవలె వ్యాపించియున్నచో పిల్ల అగునని అర్థము. (అంగడిలో కొను ఫారము గ్రుడ్లు సాధారణముగా పుంజు లేకయే పెట్టినవి, వానిని ఎంత పొదిగించినను ఫలము లేదు.) మానవ శిశువు ఆరంభమును అట్లు దీపమున కెదురుగా చూడలేము. కనుకనే దానిని చదివి తెలిసికొనవలయును.

స్త్రీ అండము మిల్లీమీటరులో సుమారు పదవవంతు. శుక్రకణము దానితో కలియగా సంయుక్తబీజ మేర్పడును. అందు తల్లివి 23, తండ్రివి 23 క్రోమోజోములు. ఆడబిడ్డయా మగబిడ్డయా అనునది అప్పుడే, తండ్రి కణమునుబట్టియే నిర్ణయమగును. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించు అత్తగా రెవరైన ఈ సభలో నున్నచో ఈ వాక్యమును ఇంటికి తీసికొనిపోవుదురుగాక.

సుమారొక దినమునకు ఆ కణము రెండగును. మూడవనాటికి ఎనిమిది వరకు నగును. ఆరేడు దినములకు గర్భాశయపు గోడలో నాటుకొన నారంభించును. మూడవ వారమున వీపుభాగమున పలుచని కణముల పలక యొకటి ఏర్పడును. దాని రెండంచులు లేచి, తమలపాకు చుట్టిన చందమున కలిసి, గొట్టమగును. మెదడును వెన్నుపామును ఈ గొట్టమునుండియే పుట్టును. ఇది 28వ దినమునకు పూర్తిగా మూసికొనవలయును. పైభాగము మూసికొననిచో బిడ్డ బ్రతుకదు. క్రిందిభాగము మూసికొననిచో కాళ్లు చచ్చుబడవచ్చును. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారములు మాత్రమే! వైద్యునివద్దకు పోవునాటికి గొట్టము మూసికొనవలసిన గడువు దాటిపోయి యుండును.

ఈ లోపమును చాలవరకు నివారించునది ఫోలిక్ ఆమ్లము. బొంబాయిలో గర్భిణుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుటను లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లో వెల్లడించెను. ఆ సారములోని గుణమునకు కారణమైన ఫోలిక్ ఆమ్లమును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకులు మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివినవారు. అంతకుముందు అట్టి లోపముగల బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందునుండియే దీనిని పుచ్చుకొనినచో, ఆ లోపము మరల వచ్చుట నూటికి 72 వంతులు తగ్గునని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారు ప్రకటించిరి.

కావున బిడ్డను కోరు స్త్రీ గర్భము నిలుచుటకు ముందే మొదలిడి, మూడవ నెల నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలయును. మునుపు అట్టి బిడ్డను కన్నవారికి ఎక్కువ మోతాదు కావలయును. అది వైద్యులు చెప్పవలసినది. ఆకుకూరలు, మనకు ప్రియమైన అనపగింజలు మంచివే, కాని ఉడికించిన నీరు పారబోసిన సారము పోవును. కూరలను మాత్రమే నమ్ముకొనరాదు.

బడిలో బాలికల కిచ్చు వారపు నీలిమాత్ర వేఱు. అది ముఖ్యముగా రక్తహీనతకు. అందు ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గలవు. వారమున కొక్కటి గనుక, పైన చెప్పిన దినపు మోతాదునకు అది బదులు కాజాలదు. అట్లని దానిని కిటికీ వెలుపలికి విసరుట తగదు. మలము నల్లబడునని కొందరు భయపడుచున్నారు. అది ఇనుమువలన కలుగునది, హానిలేదు. భోజనానంతరము మ్రింగిన కడుపులో తిప్పుట తగ్గును.

వచ్చు సంవత్సరము ఈ పాఠము చెప్పు దినమును ముందుగా తెలియజేయుదుము. తల్లులు వచ్చి వెనుక బల్లలపై కూర్చొనవచ్చును, తండ్రులకును చోటున్నది.